ఈ ముఖానికి తప్ప బండి ఇవ్వవద్దు

గత ఫాల్గుణ శుద్ధ దశమి, ఆదివారం, ఉదయం ఎనిమిదీ పది నిమిషాలకు భద్రాచలంలో నేను నా స్కూటరును దొంగల బారి నుండి సంపూర్ణంగా కాపాడుకున్నాను. పాఠకులు తొందరపడి అభినందించవద్దు. పదిన్నర అయ్యేసరికి ఆ దొంగను నేనే అయ్యాను.

ఆ రోజు పదకొండున్నరకు పాల్వంచలో మా అక్క కూతురి నిశ్చితార్థం. మా ఇళ్ళలో మేనమామ పెట్టిన చీర కట్టుకున్న తరువాతే పిల్లను పీటల మీద కూర్చోబెడతారు. నేనూ నా భార్య సరోజా ముందురోజే ఖానాపురం హవేలి నుండి అక్క ఇంటికి చేరాము. శుభకార్యం జరిగే ఇంట్లో వచ్చేపోయే జనం ఎక్కువ కనుక చీర అక్కడ క్షేమం కాదని తలచి, దాన్ని స్కూటరు డిక్కీలోనే ఉంచి తాళం వేశాను. సంబంధం కుదిరితే రాములవారికి తలనీలాలతో పాటు మీసం కూడా ఇస్తానని మొక్కుకున్న సంగతి సరోజకు చెప్పలేదు. దర్శనం చేసుకుని వస్తానని మాత్రం చెప్పి ఉదయాన్నే బయలుదేరాను.

గుడి దగ్గర రాజమ్మ అనే ఆవిడ తన వాకిట్లో బండ్లు కిరాయికి పెట్టనిస్తుంది. నాకు చీటీ ఇవ్వబోయింది.

"చీటీ వద్దమ్మా. జేబులకెళ్ళి ఎవడన్న కొట్టేస్తే బండి వానిదైతది."

"మరెట్ల సారు?"

"నా ముఖం మంచిగ చూడు. ఈ ముఖానికి తప్ప బండి ఇయ్యకు. తాళం చూపించినా నమ్మకు, దొంగలు మారుతాళాలు చేయించుకుంటరు."

"మీసం గుర్తువెట్టుకున్న. ఇగ పో సారు."

నేను వెంటనే పోలేదు. బండికి నీడ చాలదన్నాను, నేల వాలుగా ఉందన్నాను, పక్క బండిని జానెడు జరిపించాను. జేబుదొంగల భయంతో ఫోను, పర్సు కూడా డిక్కీలో పెట్టి, అప్పుడు గుడికి కదిలాను.

మొక్కు తీర్చుకుని, నున్నటి గుండు మీద చందనంతో, అప్పుడే ఒలిచిన కొబ్బరిబోండాంలా తిరిగివచ్చాను. బండి మీద చేయి వేశానో లేదో, చీపురు లేచింది.

"ఓ అన్నా, ఎవరి బండి తీస్తున్నవు?"

"నాదేనమ్మా. పొద్దున పెట్టిపోయిన గదా."

"పెట్టిన సారుకు నెత్తినిండ ఎంటికలు, గింత మీసం. నీకేమున్నది?"

"గిప్పుడే తీయించిన."

"గుళ్ళకెళ్ళి వచ్చేటోళ్ళందరు గుండ్లే. తలా ఒక బండి ఇయ్యాల్నా?"

తాళం చూపించాను. జోస్యం ఫలించినట్లు ఆమె ముఖం వెలిగిపోయింది. "గదిగో! తాళం చూపిస్తరని సారు ముందే చెప్పిండు!"

"డిక్కీల పసుపు చీరున్నది, తీసి చూడు."

"మంది డిక్కీలల్ల ఏమున్నదో నీకెట్ల ఎరుక?"

నా బండికి ఇంత గట్టి కాపలా దొరికినందుకు గర్వించాలో, ఏడవాలో తెలియలేదు. చివరకు ఆమె దయతలచి తన ఫోను నుండి సరోజకు కలిపింది, మాటలు తనకూ వినబడేలా పెట్టింది.

"సరోజా, నేను. గుండు చేయించుకున్న, బండి ఇస్తలేరు."

సరోజ నన్ను వదిలేసి రాజమ్మకే జవాబు చెప్పింది.

"గొంతు మా ఆయనదే ఉన్నది. గని గొంతులు గూడ నకలు చేస్తున్నరు, కొత్త నంబరుకెళ్ళి 'నేనే' అంటే నమ్మొద్దని ఆయనే చెప్పిండు. మా ఆయనకు గుండు లేదు. అమ్మా, వాన్ని ఇడువకుండ్రి!"

వెనుక నుండి అక్క గొంతు: "ముహూర్తం యాల్లాయె, తమ్ముడేడి? చీరేది?"

అరుగు మీద కూలబడ్డాను. జీవితమంతా తాళాలు వేస్తూ వచ్చాను. వేసిన ప్రతిసారీ ఎవరో ఒకరిని బయట నిలబెట్టాను. ఇన్నాళ్ళకు బయట నిలబడే వంతు నాకు వచ్చింది. అక్కడి నుండి చూస్తే తాళం ఎంత పెద్దదిగా కనబడుతుందో!

అంతటి వైరాగ్యంలోనూ నా దృష్టి స్కూటరు మీదే ఉంది.

"ఇయ్యకుంటే ఇయ్యకపోతివి గని, ఎండల పెట్టినవేందమ్మా? సీటు పగులుతది. గా పక్క బండి హ్యాండిలు తగిలి గీత పడితే జిమ్మేదారి ఎవరు? నేల వాలున్నదని చెప్పలే?"

రాజమ్మ చేతిలోని చీపురు జారింది.

"అయ్యో, గీయన పొద్దటి సారే! గింత సతాయింపు ఇంకొకలతోని కాదు."

ఫోనులో ఇంకా వింటూనే ఉన్న సరోజ: "అవ్ అవ్, మా ఆయనే! జల్దీ పంపుండ్రి!"

పాల్వంచ చేరేసరికి ముహూర్తం దాటింది. మామ చీర రానిదే కూర్చోనని పిల్ల పట్టుబట్టిందట. గుమ్మంలో ఉన్నవాళ్ళు ఎవరు కావాలని అడుగుతుండగానే, లోపలి నుండి అదే పరుగున వచ్చింది. ఏ రుజువూ అడగలేదు. నా గుండు మీద చేయి వేసి, "నా కోసమేనా మామా?" అంది. కళ్ళలో నీళ్ళు, పెదవులపై నవ్వు.

పంతులుగారు సాయంత్రానికి మరో ముహూర్తం చూశారు.

దేవుని సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట చీటీ ఇస్తే కళ్ళకద్దుకుని తీసుకుంటాను. మొక్కుకునే ముందు భార్యకు చెబుతాను. గుండు చేయించుకునే రోజున ఎవరికీ జాగ్రత్తలు చెప్పను.

పోయినవి: తలనీలాలు, మీసం, ఒక శుభముహూర్తం.

దక్కినవి: స్కూటరు, ఫోను, పర్సు, చీర, అది కట్టుకున్న పిల్ల.