బ్లేడు కింద తుమ్మదుంగ

పెబ్బేరులో పశువుల సంత జరిగే మైదానం వెనక ప్రభుదాసు షెడ్డు. పాత ట్రాక్టర్లకు ముందు బ్లేడు బిగించడం అతని పని. పొలం చదును చెయ్యాలన్నా, చెరువు మట్టి తొయ్యాలన్నా, వానకు కొట్టుకొచ్చిన ఒండును బాట మీద నుంచి నెట్టాలన్నా, కొత్త యంత్రం కొనలేని రైతు తన ముసలి బండిని తోలుకుని అతని దగ్గరికే వస్తాడు. వచ్చినవాడికి ముందుగా దక్కేవి చీవాట్లే. గ్రీసు పెట్టలేదని, నట్లు బిగించలేదని, ఇంకెవరో వేసిన అతుకు చూసి "గిది వెల్డింగా, కోడిపెంటనా?" అని. నోరు దురుసు, చెయ్యి మంచిది. అందుకే జనం పడతారు.

ఆ షెడ్డులో ఒకటే చట్టం. బ్లేడు పైకి లేచి ఉందంటే కింద తుమ్మదుంగ ఉండాల్సిందే. బ్లేడును ఎత్తి పట్టేది రబ్బరు పైపులోని నూనె. ఇంజను ఆపినా ఆ నూనె ఒత్తిడి మీదే మూడు క్వింటాళ్ల ఇనుము గాల్లో నిలబడుతుంది. ముప్పై ఏళ్ల కిందట గద్వాలలో పని నేర్పిన మేనమామ యేసయ్య పాదం అట్లాగే పోయింది. పైపు పగిలిన చప్పుడు, వెంటనే మామ అరుపు, ప్రభుదాసు చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

అతనికి ఇంకో అలవాటు కూడా ఉంది. బ్లేడు బిగించాక బండివాళ్లు పూజ మొదలుపెట్టగానే తప్పుకుని నీళ్ల డ్రమ్ము దగ్గరికి పోతాడు. చర్చికి పోయే మనిషి. పోయినేడు ఒకరి పూజ మధ్యలో "జర ఆగుండ్రి, నట్టు వదులుంది" అన్నాడు. నెల తిరగకముందే ఆ బండి బోల్తా పడింది, నింద ఇతని నోటి మీద పడింది. ఆ మాట ఊరూరా తిరిగి, రెండు నెలలు షెడ్డు మీద ఈగ వాలలేదు. అప్పటి నుంచి పూజ దగ్గర పెదవి విప్పనని ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ శుక్రవారం పెద్దమందడి నర్సింహులు బండి. అన్నీ కుదిరాయి, పైపు తప్ప. కొత్తది వేస్తానంటే నర్సింహులు, "ఉన్నది మంచిగనే ఉంది గదన్నా, ఎందుకు?" అన్నాడు. రెండుసార్లు తిట్టి, మూడోసారి ప్రభుదాసు ఊరుకున్నాడు. ఊరుకోకూడదని అతనికి తెలుసు. అందుకే పొద్దున ఎనిమిదింటికి బ్లేడును అడుగెత్తు లేపి, కింద దుంగ పెట్టి, మధ్యలో రెండు వేళ్ల సందు వదిలాడు. సాయంత్రం దాకా ఆ సందు అట్లాగే ఉంటే పైపు మంచిదన్నట్టు.

సాయంత్రం దాకా ఆగనిచ్చేదెవరు? పదింటికల్లా నర్సింహులు తల్లి ఎంకమ్మ పసుపు కుంకుమలతో, పూలదండతో, కొబ్బరికాయతో ఆటో దిగింది. పదిన్నరకు రాహుకాలం. "పూజ జేస్కోండ్రి గని, బండి ఇయ్యాల తోల్కపోవద్దు," అని చెప్పి ప్రభుదాసు డ్రమ్ము దగ్గరికి పోయాడు.

ముసలమ్మకు ఒక ఆలోచన వచ్చింది. "బండి పాతదేనాయె, దానికేం దిష్టి? కొత్తది గీ బ్లేడు. నిమ్మకాయలు టైర్ల కింద గాదు, దీని కింద వెట్టాలె. దించితే చితికిపోవాలె. గా మొద్దు తియ్యిరా," అంది కొడుకుతో.

చేతులు కడుక్కుంటున్న ప్రభుదాసుకు ఇంజను చప్పుడు వినిపించింది. కాసేపు నడిచి ఆగిపోయింది. దుంగ తియ్యడానికి ఇంజనెందుకు? సందు ఉంటే చేత్తో లాగినా వస్తుంది. బ్లేడు ఎత్తితే గాని రాలేదంటే, అది దిగి దుంగ మీద కూర్చుందన్నమాట. రెండు గంటల్లో రెండు వేళ్లు. పైపు కారుతోంది.

తల తిప్పి చూశాడు. దుంగ పక్కన పడి ఉంది. ఎంకమ్మ నేల మీద కూర్చుని, మోచేతుల దాకా చేతులు కిందికి పెట్టి బ్లేడు అంచుకు పసుపు రాస్తోంది. అరవబోయాడు, పోయినేటి నింద గుర్తొచ్చింది. భయం వేసింది. ముసలమ్మకేమవుతుందోనని కాదు, ముందు తన షెడ్డుకేమవుతుందోనని. ఆ భయానికి తర్వాత చాలా సిగ్గుపడ్డాడు. ఈలోగా పైపు నుంచి నల్లటి నూనె చుక్క పసుపు పళ్లెంలో పడింది.

ఒక్క ఉరుకున పోయి ఆమె భుజాలు పట్టి వెనక్కి లాగాడు. పళ్లెం బోర్లాపడింది. కర్పూరం దుమ్ములో కలిసింది.

"ఏమాయెరా నీకు! మా అవ్వ మీద చెయ్యేస్తవా?" నర్సింహులు అతని కాలర్ పట్టుకున్నాడు.

"పైపు పోతది నర్సింలూ. కిందికి పోకుండ్రి."

అందరూ బ్లేడు వైపు చూశారు. అది కదల్లేదు. మెడలో దండ వేసుకుని బుద్ధిగా గాల్లో నిలబడి ఉంది.

"పూజంత ఖరాబు జేస్తివి. ఇంక ఐదు నిమిషాలే ఉంది," అంటూ నర్సింహులు కాలర్ వదిలి, దొర్లిపోయిన నిమ్మకాయ ఏరుకుని, తనే వంగి చెయ్యి కిందికి పెట్టాడు. చెబితే వినే స్థితిలో లేడు. ప్రభుదాసు బలమంతా కాల్లోకి తెచ్చుకుని దుంగను తన్నాడు. అది దొర్లి బ్లేడు కిందికి పోయిందో లేదో, ఠప్పున పైపు పగిలింది.

బ్లేడు దబ్బున దుంగ మీద పడింది. నూనె అందరి మొహాల మీదా చిమ్మింది. నర్సింహులు చెయ్యి ఇంకా కిందే ఉంది. ఆ చెయ్యి మెల్లగా బయటికి వచ్చింది, ఐదు వేళ్లతో, నిమ్మకాయ నలగకుండా.

ఆ చేతినే చూసుకుంటూ నర్సింహులు నేల మీద కూలబడ్డాడు. "అన్నా, తప్పాయె."

"తప్పు నాదిరా," అన్నాడు ప్రభుదాసు. "పాత పైపు ఉండనియ్యమన్నది నువ్వే గని, ఉంచింది నేను. కొత్తది ఏసేదాక బండి ఇయ్యను."

అలవాటు కొద్దీ మళ్లీ డ్రమ్ము వైపు నడవబోయాడు. ఎంకమ్మ లేవలేక లేచి, దుమ్ములో పడ్డ కుంకుమ వేలికి అద్దుకుంది. బ్లేడును వదిలేసి దుంగకు బొట్టు పెట్టింది.

"యాడికి బోతున్నవు దాసూ? గీడనే నిలబడు బిడ్డా," అంది. "నువ్వు జూడకుంట నేను కాయ కొట్టను."