స్క్రూ మీద ఎర్ర గీత

నిన్న కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ వెళ్లే బస్సులో పక్కసీటు అమ్మాయి గోళ్లకు ఎర్రరంగు వేసుకుంటోంది. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే నాకు ఒళ్లు మండింది. పాపం, ఆ పిల్ల మీద కాదు. బాలసామి మామను నలుగురిలో చేతకానివాణ్ణి చేసిన మా కోచ్ మీద, అప్పుడు నోరు మూసుకుని నిలబడ్డ నా మీద.

బాలసామి మామ మాకు చుట్టం కాదు. మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి కాబట్టి మామ అయ్యాడు. సైన్యంలో తుపాకులు బాగుచేసి, రిటైరయ్యాక కోవిల్‌పట్టిలో చిన్న లేత్ షెడ్డు పెట్టుకున్నాడు. వారమంతా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల మిషన్ల పని, ఆదివారం విరుదునగర్‌లో మా షూటింగ్ క్లబ్బు ఎయిర్ పిస్టళ్ల పని. పోటీల్లో ఒక నియమం ఉంది. ట్రిగ్గర్‌కు అరకిలో బరువు తగిలించి పిస్టల్‌ను పైకెత్తుతారు. ఆ బరువుకే ట్రిగ్గర్ పడిపోతే ఆటగాడు పోటీలో లేనట్టే. మాకేమో వేలు ఆనిస్తే చాలు పేలిపోవాలని ఆశ. మామ మాత్రం అరకిలో మీద ఇంకాస్త ఉంచేవాడు. తానే వందసార్లు నొక్కి చూసి, బరువు కట్టి మళ్లీ మళ్లీ ఎత్తి, ఆ తర్వాతే స్క్రూనూ దాని పక్క లోహాన్నీ కలుపుతూ గోళ్లరంగుతో సన్నని గీత గీసేవాడు. స్క్రూ వెంట్రుకవాసి కదిలినా గీత తెగుతుంది.

"ఇంగ కొంజం తేలిక చెయ్యి మామా," అని నేను సతాయించేదాన్ని.

"నీ వేలు ఈ దినం సుకంగా ఉండాదంటాది. ట్రిగ్గర్ అరిగినాక ఏమైతాదో దానికి తెలుసునా? వేలిని సంతోసపెట్టేది సులువు పాపా. వెయ్యోసారి కూడా మొదటిసారి మాదిరే పడాల. అది కష్టం," అనేవాడు.

రాష్ట్ర పోటీల ముందురోజు కోచ్ నా పిస్టల్ పట్టుకుని, "ఇదేం ట్రిగ్గరమ్మా, మొండి ఎద్దును లాగినట్టుంది," అని తమిళంలో ఎగతాళి చేసి, స్క్రూ తిప్పేశాడు. నేను ఎదురుగానే ఉన్నాను. వద్దనలేదు సరికదా, నొక్కి చూసి మురిసిపోయాను. మర్నాడు పొద్దున తనిఖీలో ఎలాగో గట్టెక్కింది. ఆట అయ్యాక మళ్లీ బరువు కట్టారు. రెండోసారి ఎత్తేసరికి టక్కున పడిపోయింది. నా స్కోరు రద్దు చేశారు.

అప్పుడు కోచ్ అందరికీ వినబడేలా ఏమన్నాడో తెలుసా? "అగ్గిపెట్టె మిషన్లు బాగుచేసేవాడికి పిస్టల్ ఇస్తే ఇంతే!" ఆడలేక మద్దెల ఓడు అనడమంటే ఇదే. జట్టులో ఎవరుండాలో చెప్పేది ఆయనే కాబట్టి నేను తల వంచుకున్నాను. ఒక్క ట్రిగ్గర్ కూడా విప్పి చూడనివాళ్లంతా మామ చేతుల మీద తీర్పు చెప్పేశారు. ఆ వారం నుంచే ఆయనకు క్లబ్బు పని ఆగిపోయింది.

నెల తర్వాత పిస్టల్ తీసుకుని షెడ్డుకు వెళ్లాను. మామ కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. గీత రెండు ముక్కలై ఉంది.

"ఎవురు తిప్పినారు?"

"కోచ్. నేను పక్కనే ఉన్నా మామా."

"అక్కడ చెప్పినావా?"

"లేదు."

మామ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. "తిప్పినోనికి పని తెలీదు, పోనీ. నీకు తెలుసు గదా పాపా," అన్నాడు. ట్రిగ్గర్ సరిచేసి, కొత్త గీత గీసి ఇచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

రెండేళ్లకు మామ పోయాడు. క్లబ్బులో సంతాప సభ పెట్టారు. ఆ కోచే ఫోటోకు దండ వేసి, "ఎంత నమ్మకమైన చేతులు!" అన్నాడు. ఎంత సిగ్గులేనితనం! ఇక నావల్ల కాలేదు. లేచి నిలబడి జరిగినదంతా చెప్పాను.

"మనిషే పోయాక ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ?" అన్నాడు కోచ్. చుట్టూ ఉన్నవాళ్లు అవునన్నట్టు తలలూపి కాఫీకి లేచారు.

ఆయన మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గనివ్వను కూడా. కానీ ఆ ప్రశ్న మాత్రం సరైనదే. రెండేళ్లపాటు ప్రతి ఆదివారం మామ పని లేక షెడ్డులో కూర్చున్నాడు. నేను చెప్పాల్సింది అప్పుడు.