జాతీయత అన్న గడి

ఆ పాపకు పాస్‌పోర్టు రాకపోవడానికి తండ్రి నిర్లక్ష్యమే కారణమని, ఈ అరబ్బు దేశపు ఊరు ఖబూరాలో మా వాళ్లంతా అన్నారు. నేను కాదనలేదు. కారణం నేనేనని నాకు తెలుసు.

నేను ఇక్కడ ఒక టైపింగ్ ఆఫీసులో పనిచేస్తాను. దరఖాస్తులు అరబీలో కొట్టి ఇవ్వడం నా పని. పక్క వీధిలో ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణం ఉంది. అందులో కడప నుంచి వచ్చిన భార్యాభర్తలు కుడతారు. నాది జగిత్యాల వైపు. అతన్ని భాయ్ అంటాను, ఆమెను చెల్లె అంటాను.

ఒక శుక్రవారం చాయ్ హోటల్లో టీవీ చూస్తున్నాం. అమెరికాలో పరాయి దేశస్థులకు పుట్టిన పిల్లలకు పౌరసత్వం ఉండాలా వద్దా అని కోర్టులో వాదనలు నడుస్తున్నాయట. కాగితాల సంగతి కదా, లాయర్ సాబ్ అని పిలిచే నా వైపు అందరూ తిరిగారు.

"ఏ నేల మీద పుడితే ఆ నేల బిడ్డే," అన్నాను. "ఈడ గూడ అట్లనే ఉండాలె. పుట్టినకాడ హక్కు లేకుంటే ఇంకేడ ఉంటది?"

భాయ్ గ్లాసు కింద పెట్టాడు. అప్పటికి అతని భార్యకు నెలలు నిండుతున్నాయి.

"అదెట్లన్నా? ఖబూరాలో కుట్టినామని జాకెట్టు ఖబూరాది అయితాదా? కొలతలు ఎవురివైతే జాకెట్టు వాళ్లదే గదా."

హోటలంతా నవ్వింది. "లాయర్ సాబ్ నోరు కుట్టేసిండు టైలరు!" అని ఎవరో బల్ల చరిచారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం మండింది.

పాప పుట్టాక జనన పత్రానికి దరఖాస్తు నేనే కొట్టాను. జాతీయత అన్న గడిలో భారతీయురాలు అని కొట్టిందీ నేనే. పత్రం చేతికొచ్చాక భాయ్ మిఠాయి తీసుకుని వచ్చాడు.

"ఇండియన్ అనే పడింది గదన్నా. ఇంగ చేసేదేమన్నా ఉందా?"

ఉంది. బయటి దేశంలో పుట్టిన బిడ్డను ఏడాదిలోపు మన ఎంబసీలో నమోదు చేయించాలి. ఆ మాట ఎంతమందికి చెప్పి పంపానో లెక్కలేదు.

"కొలతలు నీయే గద భాయ్. ఇంకేముంటది?" అన్నాను.

అతను దాన్ని జవాబే అనుకున్నాడు. పత్రం మడిచి జేబులో పెట్టుకుని, నవ్వుతూ వెళ్లిపోయాడు. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ తర్వాత వాళ్ల దుకాణం ముందు నుంచి వెళ్లేటప్పుడల్లా ఫోన్ చెవికి ఆనించుకుని నడిచాను. ఏడాది గడిచిపోయింది.

పాపకు పద్నాలుగో నెలలో, చెల్లెను తల్లిలా పెంచిన ఆమె అక్క కడపలో ఆస్పత్రి పాలైంది. పాపను తీసుకుని బయలుదేరాలని పాస్‌పోర్టు కోసం ఎంబసీకి వెళ్లారు. గడువు దాటింది, ఢిల్లీ నుంచి అనుమతి రావాలన్నారు. ఇక్కడ పుట్టినా ఇక్కడి బిడ్డ కాదు, వాళ్లకు పుట్టినా ఇంకా అక్కడి బిడ్డ కాలేదు. హోటల్లో నేనన్నదీ నిలవలేదు, భాయ్ అన్నదీ నిలవలేదు.

పాలు తాగే బిడ్డను వదిలి ఆమె వెళ్లలేకపోయింది. అక్క ఆఖరి చూపు ఫోన్‌లోనే.

అనుమతి దరఖాస్తు కొట్టించుకోవడానికి ఇద్దరూ నా దగ్గరికే వచ్చారు. ఆలస్యానికి కారణం రాయమన్న గడి దగ్గర నా చేతులు ఆగిపోయాయి.

"రాయన్నా, మొగుడికి బుద్ధి లేదని రాయి," అంది చెల్లె. పాప ఆమె భుజం మీద నిద్రపోతోంది. భాయ్ తల వంచుకుని, "తెలియక, అని రాయన్నా," అన్నాడు మెల్లగా.

కుర్చీలోంచి లేచి బల్ల ఇవతలికి వచ్చాను.

"తెల్వక కాదు చెల్లె. నాకు తెల్సు. పత్రం చేతికొచ్చిన దినమే ఆయన నన్నడిగిండు. హోటల్ల నలుగురిల నవ్వులపాలైన్నని కోపం పెట్టుకొని చెప్పలే. మీ అక్కను నువ్వు చూడకుంట చేసింది నేనే. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యండి."