నీళ్ళు చూడని పేంటు

మా అత్త పోయింది. మా నాన్నకు చెల్లెలు. పోయిన నెల, సేత్తూరు దారిలో ఉన్న తన మామిడి తోపులో అంటు కడుతూ కడుతూ పక్కకు ఒరిగిపోయిందట. నాన్న ఫోన్ చేసి, "అత్త పోయింది పాపా. తోపులోనేదా. నువ్వు బయలుదేరి రా," అన్నాడు. మదురై నుంచి రాజపాళయం చేరేసరికి ఆమెను ఇంటికి తెచ్చేశారు. గడపలో కాలు పెట్టగానే నాకు వినపడింది ఏడుపు కాదు, అత్త తోటికోడలి గొంతు. "ముందు ఆ పేంటు తీసి పారేయండి. చీ, ఏమి నాత్తమో."

నాత్తమంటే అరవంలో కంపు; మా మాటల చివర వచ్చే ‘దా’ కూడా అరవమే, అడగడం కాదు, నొక్కి చెప్పడం. ఆ మాటకు వచ్చిన కోపం నాకింకా దిగలేదు. ఆ పేంటు సంగతి చెప్పకుండా మా అత్త సంగతి చెప్పలేను కాబట్టి మీరు కాస్త ఓర్చుకోవాలి.

మామయ్య పోయాక తోపును కౌలుకిచ్చేయమని అందరూ అన్నారు. అత్త ఇవ్వలేదు. తానే దిగింది. కోక కట్టుకుని వెళ్తే ముళ్ళకు పట్టుకునేది, ఎర్రచీమలు కాళ్ళెక్కేవి. కొన్నాళ్ళు మామయ్య పాత పేంట్లే నడుముకు తాడు బిగించి తొడుక్కుంది. అవీ అరిగిపోయాక నన్నడిగింది, "ఆడవాళ్ళకు గట్టి జీన్సు ఎక్కడన్నా దొరుకుతుందా, చూడు పాపా."

చూశాం. మా బజారులో చూశాం, మదురైలో చూశాం. చూసేకొద్దీ నాకు రోత పుట్టింది. ఆడవాళ్ళ జీన్సంటే రబ్బరు కలిపిన పలచటి గుడ్డ. మోకాళ్ళ దగ్గర ముందే చింపేసి, తొడల మీద ముందే వెలిసిపోయేట్టు గీకేసి, ఏ మందులో ముంచారో తెలియని పుల్లటి వాసనతో మడత పెట్టి ఉంచుతారు. జేబు ఉన్నట్టు కుట్టు మాత్రం ఉంటుంది, లోపల జేబుండదు. అత్త ఆ కుట్టు మీద వేలు పెట్టి చూసి, వేలిని కొంగుకు తుడుచుకుంది. ఇప్పుడు ఇదే ఫ్యాషనమ్మా అన్నాడు కొట్టాయన.

"చించుకునేదానికి నా తోపులో ముళ్ళు ఉండాయి. నువ్వు చించి ఇయ్యాల్నా?" అంది అత్త. మెట్లు దిగాక కూడా ఆమె ముఖం మామూలు కాలేదు. "ఎవరో తొడిగి విడిచిన మాదిరి ఉండాది. ఇంకొకరి మోకాళ్ళు నాకెందుకు పాపా?"

చివరకు కోయంబత్తూరులో ఒక చిన్న కుట్టు కొట్టు దొరికింది. అక్కడ ఉతకని డెనిమ్‌తో ఆడవాళ్ళ కొలతలకు కుడతారు. మగ్గం దిగాక నీళ్ళు చూడని గుడ్డ, గంజి గంజిగానే, నీలం నీలంగానే ఉంటుంది. పార్సిల్ విప్పి గోడకు ఆనిస్తే ఆ పేంటు తనంతట తానే నిలబడింది. అత్త దాన్ని అరచేత్తో నిమిరి, "ఇది గుడ్డ," అంది. అంటు కత్తి తీసి కుడి జేబులో పెట్టి చూసుకుంది. పిడి దాకా దిగింది. ఆమె అంత సంతోషంగా నవ్వగా నేను అంతకు ముందు చూడలేదు.

తర్వాత మొదలైంది యుద్ధం. ఆ గుడ్డ వంగదు. తొడలు ఒరుసుకుపోతే కొబ్బరినూనె రాసుకుని మర్నాడు మళ్ళీ తొడుక్కునేది. మెట్టెక్కాలంటే కాలును చేత్తో ఎత్తి పెట్టుకునేది. రంగు దిగి చేతులు, స్కూటీ సీటు, వసారాలోని తెల్లదిండు అన్నీ నీలమయ్యాయి. ఒకే ఇంట్లో ఉండే తోటికోడలు ఆ దిండును రెండు వేళ్ళతో పట్టుకుని దొడ్లోకి విసిరింది. "ఈ వయసులో ఏమి అసింగం ఇది? ఊరంతా చూస్తాండారు," అంది. అసింగమంటే మురికి, రోత.

అసలు గొడవ ఉతకకపోవడంతో వచ్చింది. నేనూ అడిగాను, ఎప్పుడు ఉతుకుతావత్తా అని.

"ఇప్పుడిప్పుడేదా నా మాట వింటా ఉండాది. నీళ్ళలో వేస్తే మళ్ళా మొదటికి వస్తాది," అంది.

తిరగేసి ఎండలో వేసేది. వేపకొమ్మతో దులిపేది. అంతే. కంపు లేదని నేను అబద్ధం చెప్పను. మామిడి సొన, చెమట, ఎరువు, అన్నీ కలిసిన వాసనకు ఒకసారి అన్నం దగ్గర కంచం పక్కకు జరిపాను. అత్త నా ముఖం చూసి కనిపెట్టేసింది. "నా చెమట నాకు అసింగం కాదు పాపా. వాళ్ళ మందునీళ్ళుదా అసింగం," అని మజ్జిగ పోసింది.

ఏడాది తిరిగేసరికి ఆ పేంటు ఆమెదయింది. కుడి జేబు మీద కత్తి ఆకారం తెల్లగా తేలింది. మోకాళ్ళ వెనక గీతలు పడ్డాయి. అంటు కట్టేటప్పుడు ఎప్పుడూ ఎడమ మోకాలి మీదే కూర్చునేది, అందుకని ఎడమవైపు గుడ్డ ముందుకు పొంగింది. అవన్నీ నాకు ఒక్కొక్కటే చూపించేది, పిల్లలకు వచ్చిన పళ్ళు చూపించినట్టు.

మాలో ఆడది పోతే పుట్టింటివాళ్ళు నీళ్ళు తగలని కొత్త కోక తెచ్చి కప్పాలి. ఒక్కసారి ఉతికిందైనా పనికిరాదు. నాన్న తెచ్చిన నూలుకోక నేనే కప్పాను. చచ్చినదానికి ఉతకని గుడ్డ మర్యాద, బతికున్నది తొడుక్కుంటే రోత. "ఇప్పుడు లక్షణంగా ఉండాది," అంది తోటికోడలు. నాకు ఆమె ముఖం చూడబుద్ధి కాలేదు.

పోయినవాళ్ళు చివరగా తొడుక్కున్న గుడ్డలు చాకలికి ఇచ్చేయడం మా వాడుక. ఆ పేంటు మాత్రం నాకు కావాలి. నాన్నతో చెప్పాను. సరే, తీసి పెట్టుకో అన్నాడు. మగవాళ్ళు అత్తను తీసుకుని వెళ్ళగానే దొడ్లోకి పరిగెత్తాను.

బకెట్లో వేడినీళ్ళు, వాటిలో బ్లీచింగ్ పౌడరు, అందులో పేంటు. తోటికోడలు దాన్ని బండ మీద వేసి బ్రష్షుతో రుద్దుతోంది.

"ఏమి చేస్తా ఉండావు పెద్దత్తా?"

"నాత్తం పోగొడతా ఉండాను. ఇట్లనే చాకలికి ఇస్తే నలుగురి నోట్లో పడేది మనమే కదా."

పారేసే గుడ్డను ఉతికి పారేస్తారు. మా ఇళ్ళ పరువు అట్లా ఉంటుంది.

"అది నాకు కావాల," అన్నాను.

ఆమె ఆశ్చర్యంగా చూసింది. తర్వాత పేంటును ఎత్తి, విదిలించి, నిజంగా దయతోనే అంది, "తీసుకోమ్మా. ఇప్పుడు చూడు, కొట్లో అమ్మే మాదిరిదా ఉండాది."

నిజమే. తొడల మీద తెల్లటి మచ్చలు, అదే పుల్లటి వాసన. ఆనాడు కొట్లో అత్త తాకి వేలు తుడుచుకున్న పేంటు లాంటిదే అయిపోయింది. నేను గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాను. లోపలున్నవాళ్ళు అది దుఃఖమనుకున్నారు. నీళ్ళిచ్చారు.

నీలం నీళ్ళు కాలవలోకి పోయేదాకా అక్కడే ఉన్నాను. తడి పేంటును సంచిలో పెట్టుకుని బస్సెక్కి, మదురైలో మా మేడ మీద తీగకు వేశాను. ఆరాక చూస్తే కత్తి గుర్తు లేదు. మోకాళ్ళ వెనక గీతలు లేవు. ఇంకొకరి మోకాళ్ళు నాకెందుకు అంది ఆనాడు అత్త. నాకు కావాలి.

కుడికాలు తిన్నగా వేలాడుతోంది. ఎడమకాలు మాత్రం, గాలి లేకపోయినా, మోకాలి దగ్గర ముందుకు పొంగి ఉంది. అంటు కట్టడానికి కూర్చోబోతున్నట్టే ఉంది.