బీరమ్మ నేర్పిన మామూలు మాట

వికారాబాద్ నుంచి తాండూరు వెళ్తున్న బస్సు నిన్న సాయంత్రం దారిలో ఆగింది. వాన వెలిసిన రోడ్డును గొర్రెల మంద దాటుతోంది. తడిసిన ఉన్ని వాసన కిటికీలోంచి లోపలికి కొట్టింది. పక్కనున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను కిటికీ మూయలేదు. బీరమ్మ దగ్గర ఎప్పుడూ ఆ వాసనే ఉండేది. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమె పరిచయం కాకపోతే నేనివాళ తాండూరు బడిలో పిల్లలకు లెక్కలు చెబుతూ ఉండేదాన్ని కాదు.

బీరమ్మది కుల్కచర్ల దగ్గరి పల్లె, గొర్రెలు కాసే కుటుంబం. ఆమెను మొదట చూసింది హైదరాబాదులో, ఆసుపత్రి వార్డులో. పెద్దపేగు చివర క్యాన్సర్ వచ్చిందని నాకు ఆపరేషన్ చేశారు. జబ్బున్న భాగం తీసేసి, మిగిలిన పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి కుట్టారు. దాన్ని కొలాస్టమీ అంటారు. ఇక మలం అక్కడి నుంచే వచ్చి, పొట్టకు అంటించిన సంచిలో పడుతుందనీ, జీవితాంతం ఇంతేననీ ముందే చెప్పారు. అప్పుడు తల ఊపాను కానీ, సిస్టర్ సంచి మార్చడానికి వచ్చిన ప్రతిసారీ ముఖం గోడవైపు తిప్పుకునేదాన్ని. పక్క మంచం మీది బీరమ్మ అదంతా చూస్తూ ఉండేది. ఒకరోజు తన సంచి మార్చుకుంటూ నన్ను పిలిచింది.

“గోడకేం జూస్తున్నవ్ బిడ్డ? ఇటు జూడు. నాకూ ఉన్నది.”

ఆమె పొట్టకు ఎడమవైపు చిన్న ఎర్రటి మొగ్గలాంటిది తడిగా మెరుస్తోంది. నొప్పి పుట్టదా అని అడిగాను.

“ముట్టినా తెల్వదు. పెదవి లోపల ఎట్లుంటది, గట్ల ఎర్రగ ఉండాలె. నల్లబడితే డాక్టర్ తానకు ఉరకాలె. గంతే.”

“మరి నీ ఆపరేషన్ ఎప్పుడో అయింది గద, మళ్ల ఆసుపత్రికి ఎందుకొచ్చినవమ్మా?”

“సూడి గొర్రెను ఎత్తిన. బరువులెత్తొద్దని సిస్టర్ జెప్పనే జెప్పింది. ఈ పేగు పక్కనే హెర్నియా లేసింది,” అని నవ్వింది. మరునాడు నేను మొదటిసారి నా పొట్ట చూసుకున్నాను.

ఇంటికొచ్చాక గడప దాటలేదు. వాసన వస్తుందేమో, సంచి ఊడుతుందేమో, గాలి పోయే చప్పుడు నా చేతిలో లేదే అన్న దిగులు. సంచి నిండకూడదని తిండి తగ్గించాను. ఉద్యోగం మానేస్తానన్నాను. మా ఆయనకు ఏం చెప్పాలో తోచక బీరమ్మకు ఫోన్ చేశారు. ఆమె బస్సెక్కి వచ్చేసింది. పీక్కుపోయిన నా ముఖం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“తినకుంటే సంచి నిండదనుకుంటున్నవా? నిండదు. నువ్వే ఖాళీ అయితవ్.”

జొన్నరొట్టె చేసి, నా పక్కన కూర్చుని తింటూ మెల్లగా నమలమంది. ఉల్లి, అలసందలు గాలి చేస్తాయేమో కొంచెం కొంచెంగా తిని చూసుకోమంది. సంచి బరువెక్కకముందే ఖాళీ చేయాలంది. చర్మాన్ని గోరువెచ్చటి నీళ్లతో కడిగి, బాగా ఆరాకే కొత్తది అంటించాలంది. లంగా బొందు పేగు మీద ఒత్తకుండా ఎలా కట్టుకోవాలో కట్టి చూపించింది. ఇవన్నీ ఆసుపత్రిలో సిస్టర్ చెప్పినవే. అప్పుడు నా చెవికెక్కలేదు. వెళ్తూ వెళ్తూ, “ఆదివారం పరిగిల మా తమ్ముని బిడ్డ లగ్గం. నువ్వొస్తున్నవ్. ఇంకో సంచి ఎంబడి పెట్టుకో, పరేషాన్ గాకు,” అంది.

పెళ్లిలో భోజనాల దగ్గర నేను భయపడినంతా జరిగింది. నా పొట్టలోంచి గట్టిగా చప్పుడొచ్చింది. పక్కనున్న ఆమె తిరిగి చూసింది. కలుపుతున్న అన్నంలోనే నా చేయి ఆగిపోయింది. బీరమ్మ గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

“మా బిడ్డకు పేగు ఆపరేషనైంది. దొడ్డికి పొట్ట మీదికెల్లి వస్తది, గాలి గూడ అట్లనే వస్తది. నాకూ గంతే. జర పప్పు ఇటియ్యి.”

మోకాళ్ల నొప్పి గురించి చెప్పినట్టే చెప్పింది. పక్కనున్నామె పప్పు అందించింది. తర్వాత చేతులు కడిగే చోట మమ్మల్ని ఆపి, “పూడూరుల మా మామకు గిదే ఆపరేషన్ జెప్పిండ్రు. చస్త గని చేయించుకోనంటున్నడు,” అంది. మరునాడు ఇద్దరం పూడూరు వెళ్లాం. చాలాసేపు బీరమ్మే మాట్లాడింది. ఆ పెద్దాయన మాత్రం చివరికి నన్ను అడిగాడు.

“నువ్వు టీచరంట గద. గిట్లనే బడికి పోతున్నవా?”

“వచ్చే వారం సంది పోత,” అన్నాను. అది నాకే కొత్త సంగతి. బీరమ్మ నావైపు తిరిగి చూసింది. ఆయన ఆపరేషన్ చేయించుకున్నాడు. నేను బడికి వెళ్లాను.

బీరమ్మకూ నాలాగే క్యాన్సరే, కానీ అది తిరగబెట్టలేదు. గుండెపోటుతో హఠాత్తుగా పోయింది. ముందురోజు కూడా మంద వెంట తిరిగి వచ్చిందట. నాకు ఆమె దగ్గర్నుంచి మిగిలింది ఆ గొంతే. సిగ్గుపడకుండా, ఎవరితోనూ పోట్లాటకు దిగకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే ఆ తీరు నాకింకా పూర్తిగా పట్టుబడలేదు. మొన్న తొమ్మిదో తరగతిలో పాఠం చెబుతుంటే పొట్టలో చప్పుడైంది. వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు. ముందు బెంచీలో అమ్మాయి, “ఏం సప్పుడు టీచర్?” అంది.

“నా పేగు. ఆపరేషన్ చేసి పొట్ట మీదికి తెచ్చిండ్రు. నేను ఆగుమంటే ఆగదు,” అన్నాను.

“నొస్తదా?”

“నొయ్యదు.”

ఆ అమ్మాయి తలూపింది. బోర్డు మీద త్రిభుజం సగంలో ఉంది. మూడో భుజం గీయమని సుద్దముక్క ఆమె చేతికిచ్చాను.