అమ్మ వంతు ఎక్కాలు

పిల్లల మెదడులోకి లెక్కలు ఎలా ఎక్కుతాయో చెప్పే వీడియోలు ఇప్పుడు ఫోను నిండా వస్తున్నాయి. అనంతగిరి కొండ మీద మా ఇంట్లో మాత్రం, ఆ రోజుల్లో, అవి రోకటి పోటుతోనే దిగేవి. వానలు పడితే వాగు దాటి బడికి వెళ్ళే దారి ఉండదు కనుక నాకు చదువు చెప్పింది అమ్మే. (తను చదివింది మూడో తరగతి. ఉన్నదంతా నాకు పెట్టింది, ప్రభువుకు స్తోత్రం.) పొద్దున్నే చిన్న ప్రార్థన చేసుకుని ఇద్దరం ఒకే రోట్లో సామలు దంచేవాళ్ళం, అమ్మదో పోటు, నాదో పోటు. "ఏడొకట్ల ఏడు" అని అమ్మ వేస్తే "ఏడ్రెళ్ళు పద్నాలుగు" అని నేను వేసేదాన్ని. కాస్త తడబడితే, "బేగి సెప్పే గుంటా, రోకళ్ళు గుద్దుకుంటాయి!" అనేది. అలా పదో ఎక్కం దాకా నాకు వచ్చేసిందని ఇద్దరికీ గొప్ప ధీమా.

నాకు పదేళ్ళప్పుడు, హాస్టలు బడిలో అయిదో తరగతికి ఒక్క సీటు ఖాళీ ఉందని తెలిసి, అమ్మ నాకు రెండు జడలు వేసి తీసుకెళ్ళింది. అది దొరక్కపోతే మరో ఏడాది రోకలే నా పలక. లెక్కల మాస్టారు "ఏడార్లు?" అన్నారు. "నలభై రెండండి!" "ఏడెనిమిదులు?" "యాభై ఆరండి!" గుమ్మం దగ్గర అమ్మ మొహం వెలిగిపోయింది. "మరి ఏడేళ్ళు?"

నోరు తెరిచాను. చేతులు అక్కడ లేని రోకలిని పట్టుకుని గాల్లో ఆగిపోయాయి.

"ఏటే, అలా సూస్తన్నావు?" అన్నారు మాస్టారు.

"అది మాయమ్మ వంతండి."

అమ్మ చెప్పేయబోతే మాస్టారు చెయ్యెత్తి ఆపి, "నువ్వు ఇది సెప్పమ్మా, ఎనిమిది నాలుగులు?" అన్నారు. అమ్మ బిక్కమొహం వేసి నా వైపు చూసింది. "అది మా గుంట వంతు, బాబూ." (నాకిచ్చిన సగం తను మరిచిపోయిందని అప్పుడే తెలిసింది.) మాస్టారు కళ్ళజోడు జారిపోయేలా నవ్వారు. "సీటొకటే ఉందమ్మా, ఇద్దరికీ కలిపి ఇయ్యమంటావేటి?"

అమ్మ కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది. ఎవరితో మాట్లాడుతోందో నాకు తెలుసు. మాస్టారు గొంతు తగ్గించారు. "మీయమ్మ రాలేదనుకో. నీ నలభై రెండు నీకుంది కదా, దానిమీద ఇంకో ఏడు నువ్వే వెయ్యి."

వేళ్ళు మడుస్తూ వెళ్ళాను. "నలభై... తొమ్మిదండి!" అమ్మ వేయకుండా నాకు వచ్చిన మొదటి పోటు అది. మాస్టారు రిజిస్టరు తీసి నా పేరు రాశారు.

ఇప్పుడు మా అమ్మాయికి ఎక్కాలు చెబుతూ ఏడేళ్ళ దగ్గర అరక్షణం ఆగుతాను. "రాదేటమ్మా?" అని నవ్వుతుంది. రాకేం, వచ్చు. అమ్మ పోటు పడనిద్దామని ఆగుతాను, అంతే.