తాళం వేసిన గదిలో మా అత్తమ్మ ప్రార్థన

దయ్యాలు, గాలి సోకడాలు నాకు చిన్నప్పటి నుంచీ నవ్వులాటే. మాది కౌడిపల్లి దగ్గర పల్లె. మా నాన్న ఇటుక బట్టీ శ్మశానాన్ని ఆనుకునే ఉండేది. ఆయనకు సద్దిగిన్నె ఇవ్వడానికి సమాధుల మధ్య నుంచే నడిచి పెరిగాను. కాబట్టి ఇది భయస్తురాలి మాట అనుకోకండి. కోపిష్టిదాని మాట అనుకోండి, ఒప్పుకుంటాను.

నా కోపం మా అత్తమ్మ రూతమ్మ మీద. మాది ప్రేమ పెళ్ళి. మేం హిందువులం, వాళ్ళు క్రైస్తవులు. మెదక్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. ముందు గదిలో మా ఆయన, నేను, నా కుట్టుమిషన్. లోపలి గది అత్తమ్మది. మా ఆయన లారీ డ్రైవర్, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. అంటే ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

మతం మారమని ఆమె నన్నెప్పుడూ అడగలేదు. అసలు నాతో మాట్లాడితే కదా! ఏదున్నా దేవుడితో చెప్పేది, అదీ నాకు వినపడేట్టు. పొద్దున్నే లోపల మోకాళ్ళ మీద కూర్చుని మొదలుపెట్టేది.

"తండ్రీ, పప్పుల ఉప్పెక్కువైందంటే మొఖం మాడ్చుకునే గుణాన్ని తీసెయ్యి ప్రభువా. ఎనిమిది గొట్టేదాక పండుకునే సోమరితనాన్ని తీసెయ్యి."

నా పేరు చెప్పేది కాదు. ఆ ఇంట్లో ఎనిమిది దాకా పడుకునేది నేను కాక ఇంకెవరు? ఒళ్ళు మండిపోయేది. తిట్టేవాళ్ళతో పోట్లాడొచ్చు, ప్రార్థన చేసేవాళ్ళతో ఏం పోట్లాడతాం? అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు నా కసంతా మిషన్ మీద చూపించేదాన్ని.

పైగా ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పేది. "మాకు పూజారి అక్కర లేదు, మధ్యల ఎవ్వలు అక్కర లేదు. బిడ్డ తండ్రితోని మాట్లాడినట్టు సీదా మాట్లాడుడే." మరి నాకూ దేవుడికీ మధ్య తానెందుకు కూర్చుందో ఆమెకు తట్టేది కాదు.

నాకు తొమ్మిదో నెల పడ్డాక ఒక ఆదివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టింది. పదిహేను మంది వచ్చారు. అత్తమ్మ కళ్ళు మూసుకుని, "ప్రభువా, తల్లి గుండె రాయైనా, కడుపుల ఉన్న బిడ్డనన్న నీ బిడ్డగ జేసుకో" అంది. అందరూ ఆమెన్ అన్నారు. నేను చాయ్ పళ్ళెం ఠక్కున కింద పెట్టాను.

"నా బిడ్డ ముచ్చట నేను చెప్పుకుంట. మధ్యల నువ్వెవలు? నాకు నోరు లేదా?"

ఆమె కళ్ళు తెరిచింది. "బాప్తిస్మం లేనిదానివి. నీ మాట ఆడిదాంక పోతదా?"

"నీ మాట పోయి ఏం జేసింది? ఇంకోసారి నా పేరు, నా బిడ్డ ముచ్చట నీ నోట్ల రానియ్యకు."

అంతమంది ముందు అనేశాను. ఆమెకు తల కొట్టేసినంత పనయింది. ఆ తర్వాత మూడు రోజులు నా వైపు చూడలేదు. ఆమె ప్రార్థన కూడా గొణుగుడే అయింది.

నాలుగో రోజు పొద్దున నర్సాపూర్‌లో చర్చి స్త్రీల కూడిక ఉందని బస్సుకు బయలుదేరింది. పోతూ పోతూ తన గదికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. నేనేదో ఆమె ట్రంకు పెట్టె దోచుకుంటానన్నట్టు!

ఆ రోజు నిద్ర లేచినప్పటి నుంచి నా కడుపులో బిడ్డ కదల్లేదు. చక్కెర నీళ్ళు తాగాను. ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. ఊహూ. మా ఆయనకు ఫోన్ కలవలేదు. అత్తమ్మకు చేయొచ్చు. చేయలేదు. మొన్న అంతంత మాటలు అనేసి, ఇవాళ భయమేస్తోంది అత్తమ్మా అంటే ఆమె గెలిచినట్టు కాదా? ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. కాసేపట్లో కదులుతుందిలే అని మిషన్ ముందు కూర్చున్నాను. ఏ దేవుణ్ణీ తలుచుకోలేదు. ఈ మాట మాత్రం గట్టిగా చెప్పగలను.

మధ్యాహ్నం రెండు కావస్తుండగా లోపలి గదిలోంచి అత్తమ్మ ప్రార్థన వినిపించింది.

అదే గొంతు. మాట చివర సాగదీయడం, మధ్యలో చిన్న దగ్గు, అన్నీ ఆమెవే. అలవాటుకొద్దీ మాటలు పట్టించుకోకుండానే నాకు ముందు చిరాకు వచ్చింది. ఆ తర్వాత తలుపు వైపు చూశాను. తాళం వేసినట్టే ఉంది. టీవీ ఆపి ఉంది. నా ఫోన్ నా పక్కనే ఉంది. ఆ గదికి ఇంకో తలుపు లేదు. కిటికీ అవతల పక్కింటి గోడే.

అప్పుడే మా గల్లీలో ఉండే షాహీన్ కుట్టిన జాకెట్ తీసుకుపోదామని వచ్చింది. గడప దగ్గరే ఆగి గొంతు తగ్గించింది.

"మీ అత్తమ్మ దువా చేస్తుంది. మల్లొస్త అక్కా."

"నీక్కూడ ఇనవడుతుందా?"

"ఇనవడకేం? కడుపుల బిడ్డ కదులుతలేదు తండ్రీ, పొద్దటిసంది ఎవ్వలకు చెప్పలే, ఏం జెయ్యాల్నో సమజైతలేదు అంటుంది. ఎవల బిడ్డక్కా?"

గొంతు అత్తమ్మది. మాటలు నావి, నేను పొద్దుటి నుంచి మింగుకుంటున్నవి.

"నా బిడ్డే" అన్నాను. అని భోరున ఏడ్చేశాను.

షాహీన్ రోడ్డు మీదికి పరుగెత్తి ఆటో పిలుచుకొచ్చింది. దవాఖానలో డాక్టరమ్మ పరీక్ష చేసి, ఇంతసేపు ఏం చేస్తున్నావని కసిరింది. బిడ్డ మెడకు పేగు రెండు చుట్లు చుట్టుకుందట. వెంటనే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. చాలాసేపటికి గానీ ఏడవలేదు. ఆలోపు నా ప్రాణం ఎన్నిసార్లు పోయి వచ్చిందో నాకే తెలుసు.

ఇంటికి వచ్చాక వారం రోజులు అత్తమ్మకు ఈ సంగతి చెప్పలేదు. "చూసినవా నా ప్రార్థన బలం" అని ఊరంతా చాటింపు వేస్తుందని నా కుళ్ళు. చివరికి దాచుకోలేక, నన్ను అబద్ధాలకోరు అనకుండా షాహీన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పాను.

అత్తమ్మ చాటింపు వేయలేదు. ఎత్తుకున్న పిల్లను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"రెండు గొట్టంగనా?"

"ఔ."

"గప్పుడే కూడికల, కడుపుతోని ఉన్నోళ్ళ కోసం ప్రార్థన జెయ్యుండ్రి అన్నరు. అందరు జేసిండ్రు. నేను నోరు తెరవలే. నా పేరు తియ్యకన్నది గదా, దానికేమన్న గానీ అనుకున్న." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పండ్లు బిగవట్టి కూసున్న బిడ్డా. ఒక్క మాట గూడ అనలే."

ఆమెను కడిగేద్దామని నోరు తెరిచాను. అదే పంతంతో నేనూ ఫోన్ చేయలేదని గుర్తొచ్చి మూసుకున్నాను.

"నువ్వన్న మనసుల చెప్పుకున్నవా?" అని అడిగింది.

"లే."

"నిజంగ?"

"నా బిడ్డ మీద ఒట్టు."

అత్తమ్మ తన గది తలుపు వైపు చూసింది. "నేను చెప్పలే, నువ్వు చెప్పలే. మరి చెప్పిందెవ్వలు?"

షాహీన్ మెల్లగా లేచి చెప్పులు వేసుకుంది.

పిల్లకిప్పుడు రెండేళ్ళు. చర్చివాళ్ళు ఒకటన్నారు, మా నాన్న ఇంకొకటన్నాడు. డాక్టరమ్మ నాది భ్రమ అంది, అదే భ్రమ షాహీన్‌కు ఎలా వచ్చిందంటే మాట మార్చింది. నాకైతే ఇప్పటికీ ఏమీ అంతుబట్టలేదు.

మా అత్తాకోడళ్ళకు ఇప్పటికీ పడదు. నిన్న కూడా కూరలో కారం దగ్గర అరుచుకున్నాం. కానీ అత్తమ్మ ఆ గదిలో పడుకోవడం మానేసింది. నా పక్కనే చాప వేసుకుని, పిల్ల కోసమని చెప్తుంది. లైటు తీసే ముందు ఆ తలుపు గడియ పెట్టి ఉందో లేదో చూసి రమ్మని నన్నే పంపుతుంది. నేనూ వెళ్తాను. లోపలికి మాత్రం తొంగిచూడను, గడియ ఒకసారి లాగి చూసి గబగబా వచ్చి ఆమె పక్కన పడుకుంటాను.